మద్రాసు మధ్యాహ్న భోజనం, ఒక వదులుకున్న పదవి



పండగ బట్టలు కొనడానికి మీరంతా చెన్నైలోని టి. నగర్ వెళ్లే ఉంటారు. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి 1852లో పుట్టిన మద్రాసు తెలుగువారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్నారు. 1916లో టి.ఎం. నాయర్ తదితరులతో కలిసి జస్టిస్ పార్టీకి పునాది వేశారు.

1920లో ఆయన అధ్యక్షతన మద్రాసు కార్పొరేషన్ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు ఫలహారం పెట్టాలని, తలకు రోజుకు అణా మించకూడదని! ఆకలితో ఉన్న పిల్లవాడికి అక్షరం ఎక్కదని గ్రహించిన మనసు ఒకవైపు, జనం సొమ్ముకు లెక్క చెప్పాలన్న బాధ్యత మరొకవైపు. రెండూ ఆ ఒక్క తీర్మానంలోనే ఉన్నాయి. అదే ఏడాది ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచింది. ప్రభుత్వం ఏర్పాటు చేయమని గవర్నర్ విల్లింగ్డన్ పిలిస్తే త్యాగరాయ చెట్టి వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ మద్రాసు ప్రెసిడెన్సీ ప్రథమ మంత్రి (ఫస్ట్ మినిస్టర్) అయ్యారు.

బడిలో అన్నం పెట్టే ఆలోచన అక్కడితో ఆగలేదు. ముఖ్యమంత్రిగా కామరాజ్ దాన్ని ఊళ్లకు తీసుకెళ్లారు, 1982లో ఎం.జి.ఆర్. విస్తరించారు, 2022లో ఉదయపు ఫలహారమూ మొదలైంది. అటు ఆంధ్రలో 1983లో ఎన్.టి.ఆర్. రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చారు. ఇవన్నీ ఓట్ల కోసమేనని తీసిపారేసేవారు కడుపు నిండినవారే.

మరి తమిళనాడులో 2006 ఎన్నికల కలర్ టీవీలు, 2011 నాటి మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు? ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మేనిఫెస్టో హామీ చట్టప్రకారం అవినీతి చర్య కాదని 2013లో కోర్టు తేల్చింది. అయితే ఇలాంటి ఉచితాలు స్వేచ్ఛాయుతమైన ఎన్నికల పునాదినే కదిలిస్తాయని హెచ్చరించి, మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. గ్రైండర్ వల్ల పిండి రుబ్బే చాకిరీ తప్పిన ఇల్లాలిని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. అసలు ప్రమాదం ఇచ్చిన వస్తువులో లేదు. ఇచ్చాం కాబట్టి ఇక ప్రశ్నించకండి అనడంలో ఉంది. జనమంటే నేనే, నన్ను కాదన్నవాడు జనద్రోహి అనే నాయకుడిలో ఉంది.

చప్పట్ల కోసం బతికే ఈ జబ్బు నాయకులనే కాదు, వాటికి అలవాటుపడిన ఎవరినైనా పట్టుకుంటుంది. రేపు ఆఫీసులో పై అధికారి మెప్పు కోసమో, ఫోన్‌లో లైకుల కోసమో నమ్మనిదాన్ని నమ్మినట్టు మాట్లాడాల్సిన క్షణం మీకూ వస్తుంది. అప్పుడు అక్కరకొచ్చే గుణం వద్దనగలగడమే.

అలా వద్దనగలిగిన మరొకరు టంగుటూరి ప్రకాశం. ఆయన ఇదే మద్రాసులో బాగా సంపాదిస్తున్న బారిస్టర్. ప్రాక్టీసు వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ప్యారీస్ కార్నర్ దగ్గర పోలీసు తుపాకులకు ఛాతీ చూపారు. ముఖ్యమంత్రి పదవి చేసి కూడా 1957లో పేదవాడిగానే కన్నుమూశారు. ఆయన కాంగ్రెస్, త్యాగరాయ చెట్టి జస్టిస్ పార్టీ, రాజకీయంగా ప్రత్యర్థులు. ఇద్దరినీ ఒకే సభలో గౌరవించుకోగలుగుతున్నామంటే అవతలి పక్షంలోనూ మంచివారుంటారని ఒప్పుకోవడం వల్లే. ఆ మనసు లేనివాడికి స్నేహాలు నిలవవు, కుటుంబంలోనూ సుఖముండదు.

అయితే గౌరవించడమంటే ప్రశ్నించడం మానడం కాదు. మీ వీధిలోకి ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, మీకు నచ్చిన పార్టీవాడినైనా సరే, మూడు మాటలు అడగండి: ఈ హామీకి ఎంత ఖర్చు, ఎవరి పన్నుతో, ఎన్నేళ్లపాటు? జవాబు రాకపోతే మళ్లీ అడగండి.