ప్రణాళికలో యంత్రమునకు చోటు

ఇల్లు కట్టి ముగించిన పిదప నూతికి చోటెక్కడ అని వెదకు గృహస్థుని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుదురు. కాని కంప్యూటరు విషయమున పెక్కు సంస్థలు చేయుచున్న పని యిదియే. రాబోవు అయిదేండ్లకు ప్రణాళికను వ్రాసి ముగింతురు. చిట్టచివరి పుటలో, ఇన్ని యంత్రములు కొనవలెనని ఒక పద్దు చేర్తురు. యంత్రములు వచ్చును, దస్త్రములు మాత్రము పాత దారిలోనే నడచును. డబ్బు ఖర్చయినది గాని పని తగ్గలేదే యని పిదప అందరును చింతింతురు.

యంత్రమును గూర్చిన ఆలోచన ప్రణాళిక మొదటి పుటలోనే యుండవలెనని మా అభిప్రాయము. ఇందుకు అందరెరిగిన రైలు రిజర్వేషనునే ఉదాహరణముగా తీసికొందము.

పూర్వము ఒక్కొక్క రైలునకు ఒక్కొక్క రిజిస్టరుండెడిది. ఆ రిజిస్టరున్న కిటికీ వద్దనే ఆ రైలునకు బెర్తు దొరకెడిది. ఒక కిటికీ ముందు జనము కిక్కిరిసియుండగా, పక్క కిటికీలోని గుమాస్తా ఊరక కూర్చున్నను సాయము చేయజాలకుండెను. తిరుగు ప్రయాణమునకు బెర్తు కావలెనన్నచో తంతి పంపి, జవాబునకై ఎదురుచూడవలసి యుండెను.

1985లో ఢిల్లీయందు కంప్యూటరు రిజర్వేషను ప్రయోగముగా ఆరంభమైనది. 1986లో రైల్వేశాఖ తన కంప్యూటరు పనులకై ‘క్రిస్’ అను ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. రిజిస్టరులోని అక్షరములను యంత్రములోనికి ఎక్కించి ఊరకుండలేదు. పని పద్ధతినే మార్చిరి. ఏ కిటికీ వద్దనైనను ఏ రైలునకైనను టిక్కెట్టు ఇచ్చు వీలు కలిగినది.

అయినను ఒక లోపము మిగిలెను. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాదు అను అయిదు కేంద్రములలో దేని లెక్క దానిదే. ఒక ఊరిలో వరుసను తగ్గించుట ఒక లక్ష్యము. దేశమంతటి ప్రయాణమును ఒక్కటిగా చూచుట వేరొక లక్ష్యము. మొదటిది నెరవేరినంత మాత్రమున రెండవది దానంతట అది నెరవేరదు. ఈ కేంద్రములను కలుపుటకై రూపొందిన ‘కాన్సర్ట్’ అను పద్ధతి 1994లో మన సికిందరాబాదులోనే మొదట అమలయినది. 1999 నాటికి అయిదు కేంద్రములును ఒక్కటైనవి. 2002లో ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్టు కొను వసతి వచ్చినది. లెక్కలన్నియు ముందుగా ఒకచోటికి చేరియుండుటచేతనే ఇంటిలో కూర్చున్నవానికి ఏ ఊరి రైలైనను అందుబాటులోనికి వచ్చినది.

మన శ్రోతలలో సహకార సంఘముల డైరెక్టర్లు, పాఠశాలల నిర్వాహకులు, చిన్న పరిశ్రమల యజమానులు కలరు. యంత్రము ధర అడుగుటకు ముందు వారు తమ సభలో మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనివలన ఎవరి కష్టము తీరును? అందుకై మనము ఏ పాత పద్ధతిని విడువవలెను? యంత్రము ఒకనాడు నిలిచిపోయినచో పని ఎట్లు సాగును? వీనికి జవాబు చెప్పవలసినవాడు యంత్రము తెలిసిన ఉద్యోగి యొక్కడే కాదు. సంస్థను నడుపు పెద్దలే. ఆ ఉద్యోగిని సభకు పిలిచి, మొదటినుండియు పక్కన కూర్చుండబెట్టుకొనుట మాత్రము అవసరము. గుమాస్తాల శిక్షణకు, యంత్రముల మరమ్మతునకు అగు వ్యయమును సైతము ఆనాడే లెక్కలో చేర్చవలెను.

మరియొక మాట. నేడు రిజర్వేషను టిక్కెట్లలో అధికభాగము ఇంటర్నెట్టు ద్వారానే అమ్ముడగుచున్నవి. అయినను స్టేషనులో కిటికీ యున్నది. చదువురాని వృద్ధునకు, చేత ఫోను లేని కూలివానికి ఆ కిటికీయే ఆధారము. వారిని మరచిన ప్రణాళిక ఎంత వేగముగా నడచినను సగము దారిలో నిలిచినట్లే.

నూయి ఎచ్చట త్రవ్వవలెనో పునాదికి ముందే నిర్ణయింతము. నీరు తోడుకొనుటకు వచ్చువారందరికిని త్రోవ విడిచి, ఆ పిదప గోడలు లేపుదము.