అతిథి అడిగితే చెప్పేవారు ఉండాలి
(ప్రసంగ పాఠం)



అరక్కోణం వచ్చిపోయేవారి ఊరు. 1856 జూలై 1వ తేదీన రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణ భారతదేశపు తొలి ప్రయాణికుల రైలు నడిచినప్పుడు అది ఈ ఊరి మీదుగానే సాగింది. నాటి నుండి నేటి వరకు తిరుపతికి పోయేవారు, బెంగళూరుకు పోయేవారు ఇక్కడ దిగుతారు, కాఫీ తాగుతారు, బండి మారుతారు. దిగినవారిలో ఒకరో ఇద్దరో ఈ ఊరి విశేషమేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ఇంటివారే. నేటి ప్రసంగం ఆ జవాబును గురించి. అందుకు ఆధారంగా తీసుకున్న కథ మాత్రం దూరదేశానిది. స్కాట్లాండును మనసారా ప్రేమించిన ఒక పరదేశి కథ అది.

స్కాట్లాండు బ్రిటన్ ద్వీపానికి ఉత్తరపు కొస. ఆ పేరు వినగానే లోకానికి గుర్తువచ్చేవి మూడు: గళ్లబట్టతో కుట్టిన కిల్టు, సంచిలో గాలి నింపి వాయించే బ్యాగ్‌పైపు, విస్కీ. గళ్లబట్ట గుడియాత్తంవారికి కొత్త కాదు. అక్కడి మగ్గాల మీద గళ్ల లుంగీలు తరతరాలుగా నేస్తున్నారు. గాలిసంచి వాద్యమూ కొత్త కాదు. తెలుగు పల్లెల్లో మేకతోలుతో చేసి శ్రుతికి పట్టే తిత్తి దానికి దగ్గరి చుట్టమే. ఇక మూడవదానిని పొగడడం ఈ ప్రసంగం పని కాదు. దాని వలన చితికిన ఇళ్లు ఏ ఊరిలో చూసినా కనిపిస్తాయి. అయితే ఆ పేరు వెనుక ఒక భాష కథ ఉంది. అది వినదగినది.

విస్కీ అనే మాట పుట్టుకతో ఇంగ్లీషుది కాదు. స్కాట్లాండు ఉత్తర, పశ్చిమ ప్రాంతాల ప్రాచీన భాష గేలిక్. ఆ భాషలో ‘ఉష్కె బాహా’ అంటే జీవజలం. మద్యసారానికి లాటిన్‌లో ఉన్న పేరును ఆ భాషవారు తమ మాటల్లోకి అలా తెచ్చుకున్నారు. 1494 నాటి స్కాట్లాండు రాజకోశపు లెక్కల్లో జాన్ కోర్ అనే సన్యాసికి ఈ జీవజలం తయారుచేయడానికి మాల్టు ఇచ్చినట్లు నమోదై ఉంది. తరువాత ఇంగ్లీషువారి నోట ఆ పేరు కురచబడింది. ‘జీవం’ అనే మాట రాలిపోయి, ‘నీరు’ అనే మాట మాత్రం మిగిలింది. అదే విస్కీ. 1826లో ఆంగస్ మెక్‌డోవెల్ అనే స్కాట్లాండీయుడు మద్రాసులో వర్తక సంస్థ పెట్టిన నాటికే ఆ సరుకు ఈ తీరానికి పరిచయం. నేడు ఆ మాట తెలియని ఊరు లేదు. అది ఏ భాష మాటో తెలిసినవారు అరుదు.

స్కాచ్ విస్కీ అనే పేరు పెట్టాలంటే ఆ సరుకు స్కాట్లాండు గడ్డ మీదనే ఓక్ పీపాలలో కనీసం మూడేళ్లు నిలవ ఉండాలని చట్టం చెబుతుంది. సీసాలోని సరుకుకు ఇంత కాపలా. పేరునిచ్చిన భాషకు మాత్రం చాలాకాలం ఏ కాపలా లేదు. 1872లో పిల్లలందరికీ బడి చదువు తప్పనిసరి చేసిన చట్టం గేలిక్‌కు ఆ బడిలో చోటు చూపలేదు. ఇంట్లో అమ్మ మాట్లాడే భాష బడి గుమ్మం దగ్గర ఆగిపోయింది. కొన్ని తరాలకు అది చదువురానివారి భాషగా, చలిమంట చుట్టూ కూర్చున్న ముసలివారి భాషగా మిగిలింది.

అటువంటి కాలంలో ఆ దీవులకు వచ్చిన అతిథి మార్గరెట్ ఫే షా. ఆమె 1903లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుంది. పదహారు పదిహేడేళ్ల వయసులో స్కాట్లాండులోని ఒక బడిలో కొంతకాలం చదువుకున్నప్పుడు, పియానో వాద్యానికి అనువుగా దిద్దిన గేలిక్ పాటలు విన్నది. ఆ పాటల అసలు రూపం వినాలనే కోరిక ఆమెను వదలలేదు. 1929లో సౌత్ యూయిస్ట్ అనే దీవిలో ఒక ఇంట విందు జరిగింది. అక్కడ మారి మెక్రే అనే స్త్రీ పాడిన పాట షా విన్నది. ఆ పాట నేర్పమని అడిగింది. ఆ తరువాత మారి, ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన పెగీ ఉండే ఇంటికే చేరి, ఇంచుమించు ఆరేళ్లు అక్కడ నివసించింది.

ఆ ఇంట్లో విద్యుద్దీపం లేదు. ఆ అక్కచెల్లెళ్లు పశువులను సాకేవారు, పొలం పని చేసేవారు, పనిలోనే పాడేవారు. షా వారితో పాటు పనిచేసింది, భాష నేర్చుకుంది, పాట విన్నది, రాసుకుంది, ఫొటోలు తీసింది. నేసిన ఉన్నిబట్టను తడిపి, బల్ల మీద చేతులతో మర్దించి దళసరి చేసే పనిలో ఆడవారంతా చుట్టూ కూర్చుని పాడే పాటలు ఆ దీవుల ప్రత్యేకత. తెలుగు ఇళ్లల్లో వడ్లు దంచేటప్పుడు పాడే దంపుళ్ల పాటలు ఎరిగినవారికి ఆ సందర్భం విడమరచి చెప్పనక్కరలేదు. చేతికి శ్రమ తెలియకుండా నోటికి పాట పుట్టింది, ఇక్కడైనా అక్కడైనా.

1955లో షా పుస్తకం వెలువడింది. పాటలు, వాటి స్వరాలు, సామెతలు, ఇంటివైద్యం, వంటలు అందులో ఉన్నాయి. ఆమె భర్త జాన్ లోర్న్ క్యాంప్‌బెల్ కూడా గేలిక్ పాటలను, కథలను సేకరించిన పండితుడే. ఆ దంపతులు తాము నివసించిన కన్నా అనే దీవిని, తమ గ్రంథాలయంతో సహా, 1981లో స్కాట్లాండు జాతీయ ట్రస్టుకు ఇచ్చివేశారు. షా నూటొక్క ఏళ్లు బతికి 2004లో కన్నుమూసింది.

ఈ కథ చెప్పినప్పుడు అందరూ షానే మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసినదే. అయితే పొయ్యి పక్కన కూర్చుని పాడినవారు మారి, పెగీ. వారికి ఆ పాటలు నోటికి రాకపోతే షా ఏం రాసుకునేది? ఒక గళ్లబట్ట కొనుక్కుని వచ్చిన దారినే వెళ్లేది. పరాయివారి ప్రేమ ఎంత గొప్పదైనా, ఇంటివారి జ్ఞాపకాన్ని మించి ఒక్క మాట కూడా రాసుకోలేదు.

ఇదే సత్యానికి తెలుగునేల మీద మరొక సాక్ష్యం ఉంది. అది అదే దీవుల వరుస నుండి వచ్చింది. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో 1754లో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసుకు వచ్చి కంపెనీ సైన్యంలో చేరాడు. తరువాత మద్రాసుకు, 1815లో భారతదేశమంతటికీ సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలవడం అతని ఉద్యోగం. శాసనాలు, తాళపత్రాలు, ఊరి చరిత్రలు సేకరించడం అతని వ్యసనం. అయితే ఈ దేశభాషలు తనకు రావని అతడే ఒప్పుకున్నాడు. ఆ లోటు తీర్చినవారు కావలి సోదరులు. ఏలూరు నుండి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య పల్లెలకు వెళ్లి, కరణాలను, పూజారులను, పండితులను అడిగి, చదివి, విడమరచి చెప్పాడు. 1803లో చిన్న వయసులోనే ఆయన మరణిస్తే, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం మోశాడు.

మెకంజీ కంపెనీ ఉద్యోగి అనే సంగతి మరువరాదు. దేశాన్ని ఏలడానికి ఆ సమాచారం పనికివచ్చేదే. అయినా అతని వలన నిలిచిన గ్రామ కైఫీయతులు లేకపోతే ఎన్నో ఊళ్ల వెనకటి కథ నేడు తెలిసేది కాదు. 1821లో అతడు మరణించాక కంపెనీ ఆ సేకరణను అతని భార్య నుండి లక్ష రూపాయలకు కొన్నది. అందులో దేశభాషల పత్రాలు చాలావరకు నేటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. శిథిలమవుతున్నవాటికి సి.పి. బ్రౌన్ ప్రతులు రాయించాడు. ఐర్లండు చిత్రకారుడు థామస్ హికీ 1816లో గీసిన చిత్రంలో మెకంజీ ఒక్కడే లేడు. అతని పక్కన దేశీయ సహాయకులు కూడా నిలబడి ఉన్నారు. ఆ చిత్రకారుడు న్యాయమే చేశాడు.

ఇప్పుడు గేలిక్ స్థితి ఏమిటి? 2005లో స్కాట్లాండు పార్లమెంటు ఆ భాష కోసం చట్టం చేసింది. రహదారి బోర్డుల మీదకు, బడులలోకి ఆ భాష తిరిగి వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడగలవారు ఇంచుమించు 57,000. 2022లో ఆ సంఖ్య 69,000 దాటింది. ఇది సంతోషించదగిన సంగతి. కాని అదే లెక్క మరొకటి కూడా చెబుతుంది. భాషకు పుట్టిల్లయిన పశ్చిమ దీవుల్లో దానిని మాట్లాడగలవారు 2011లో సగానికి పైగా ఉంటే, 2022 నాటికి సగం కంటే తక్కువయ్యారు. నగరాల్లో నేర్చుకునేవారు పెరుగుతున్నారు. ఊళ్లల్లో నేర్పగలవారు తరుగుతున్నారు. పొయ్యి పక్కన ఖాళీ అయిన పీటను ఏ చట్టమూ నింపలేదు.

సభాసదులారా, ఈ కథ ఇక ఇక్కడికి వస్తుంది. 1960లో సరిహద్దులు సర్దినప్పుడు పొరుగునున్న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి ఈ రాష్ట్రంలోకి వచ్చింది. పటం మీద గీత మారింది. వంటింట్లో మాట మారలేదు. అరక్కోణంలో, గుడియాత్తంలో, వేలూరులో ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఈ రెండు భాషలకూ తగవు లేదు. తమిళం బాగా చదువుకున్న బిడ్డకు తెలుగు చదువుకోవడం సులువే తప్ప కష్టం కాదు. లోటు వేరొక చోట ఉంది. తాత రాసుకున్న పద్దుల పుస్తకం అటక మీద ఉంటుంది. మనవడు దానిని తెరిచి, బొమ్మను చూసినట్లు చూసి, మూసివేస్తాడు. అవ్వ పాడే నలుగు పాట పెళ్లిలో వినిపిస్తుంది. దానిలో నాలుగవ చరణం అవ్వకు తప్ప మరెవరికీ రాదు. ఫోనులో పంపే తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాలు తొడుక్కుని పోతుంది. విస్కీ అనే పేరుకు జరిగినది ఇంటి భాషకూ జరగవచ్చు: జీవం రాలిపోయి, నీరు మిగలవచ్చు.

చేయవలసిన పని పెద్దది కాదు. తెలుగు అక్షరాలు 56. ఇల్లంతా మాట్లాడే భాషకు అక్షరాలు నేర్చుకోవడం కొత్త భాష నేర్చుకోవడం వంటిది కాదు. రోజుకు అరగంట కూర్చుంటే ఒక వేసవి సెలవుల్లో పూర్తవుతుంది. చేతిలోని ఫోనుతోనే అవ్వ పాటను పదిలపరచవచ్చు. ఎవరు పాడారో, ఏ సందర్భంలో పాడేదో, ఆ పాట ఏ ఊరి నుండి వచ్చిందో పక్కన రాసిపెట్టాలి. పాత పత్రాలను, పద్దుల పుస్తకాలను, శుభలేఖలను చెత్తబండికి వేసేముందు చదవగలిగిన ఒకరికి చూపాలి. షా చేసినది ఇంతకంటే వేరు కాదు. ఆమె సముద్రం దాటి రావలసి వచ్చింది. ఇంటి మనవరాలు వంటింటి గడప దాటితే చాలు.

రేపో మాపో అరక్కోణం ప్లాట్‌ఫారం మీద ఒక పరదేశి దిగుతాడు. తెలుగంటే ఇష్టమని, ఇక్కడి ఇళ్లల్లో ఒక పాట వినాలని అంటాడు. అతనికి కాఫీ ఇవ్వడం ఈ ఊరికి తెలుసు. ఆ తరువాత అతను అడిగే పాట పాడడానికి, దాని అర్థం చెప్పడానికి ఆ ఇంట్లో ఒకరు ఉండాలి.