కారులోని కంప్యూటరు ఏమి నేర్చుకుంటుంది?

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాలకు మోటారు వాహనాలు కొత్త కావు. అశోక్ లేలాండ్, టీవీయస్ కర్మాగారాలు ఇక్కడ నెలకొన్న నాటి నుంచి ఎన్నో ఇళ్లలో ఇంజను మాట వంటింటి మాటతో సమానంగా వినిపిస్తున్నది. అందుచేత నేటి ప్రసంగానికి ఈ ఊరికి తగిన విషయాన్నే ఎంచుకోవటం జరిగింది.

కారు నడిపేవారి అలవాటును అందులోని కంప్యూటరు పట్టుకుంటుందనీ, నెమ్మదిగా నడిపేవారి చేతిలో కారు మందగిస్తుందనీ, వేగంగా నడిపేవారి చేతిలో చురుకుదనం పెరుగుతుందనీ ఒక అభిప్రాయం లోకంలో ఉన్నది. ఇందులో కొంత నిజం, కొంత అపోహ కలసి ఉన్నాయి. ఆ రెండింటిని వేరు చేసుకోలేకపోతే అనవసరపు మరమ్మతులకు, మోసపూరితమైన అమ్మకాలకు మూల్యం చెల్లించేది గృహస్థే.

ఒకప్పుడు ఇంజనుకు పెట్రోలును అందించే పని కార్బురేటరుది. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో మెకానిక్కు ఇంజను శబ్దాన్ని చెవితో విని, స్క్రూను చేతితో తిప్పి ట్యూనింగు చేసేవాడు. 1967లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ ఇంజెక్షను పద్ధతిని వోక్స్‌వ్యాగన్ 1600 కారులో ప్రవేశపెట్టింది. 1976లో వోల్వో కార్లలో, పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజనును పసిగట్టే సెన్సరు వచ్చింది. 1979లో బి.ఎం.డబ్ల్యు. 732ఐ కారులో పెట్రోలు పరిమాణాన్నీ, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయాన్నీ ఒకే కంప్యూటరు చూసుకోవటం మొదలయింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత మోటారు సైకిళ్లలో సైతం అధిక భాగం ఇంజెక్షను పద్ధతికి మారాయి.

ఈ కంప్యూటరు చేసే పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి కొలవటం, రెండవది నేర్చుకోవటం. సముద్రతీరంలోని చెన్నై నుంచి బయలుదేరిన కారు దాదాపు 900 మీటర్ల ఎత్తున్న హోసూరుకు వచ్చేసరికి గాలి సాంద్రత సుమారు పదోవంతు తగ్గుతుంది. ఆ తగ్గుదలను సెన్సరు అప్పటికప్పుడే కొలిచి చెబుతుంది. కంప్యూటరు పెట్రోలును ఆ మేరకు తగ్గిస్తుంది. ఇందులో నేర్చుకున్నది ఏమీ లేదు. ఇది కేవలం కొలత.

నేర్చుకోవటం మరొక తీరు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు నూరు సార్లు దహనం జరుగుతుంది. దహనానంతరం వెలువడే పొగలో ఆక్సిజను మిగిలితే పెట్రోలు చాలలేదని అర్థం. మిగలకపోతే పెట్రోలు ఎక్కువైందని అర్థం. సెన్సరు పంపే ఈ కబురును బట్టి కంప్యూటరు క్షణక్షణం పెట్రోలును కొద్దిగా పెంచుతూ, కొద్దిగా తగ్గిస్తూ ఉంటుంది.

కాలక్రమంలో ఒక ఇంజెక్టరులో మడ్డి చేరిందనుకుందాం. పెట్రోలు ధార సన్నబడుతుంది. కంప్యూటరు ప్రతిసారీ ఐదు శాతం అదనంగా ఇవ్వవలసి వస్తుంది. ఇది తాత్కాలికం కాదని కొంత దూరం నడిచాక గ్రహించి, ఆ ఐదు శాతాన్ని తన జ్ఞాపకంలో భద్రపరచుకుంటుంది. మరునాడు దిద్దుబాటు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడినప్పుడూ ఇదే జరుగుతుంది. ఒక గ్రాము ఇథనాల్ మండటానికి సుమారు 9 గ్రాముల గాలి చాలు. కనుక అంతే గాలికి ఇంధనం కొంత ఎక్కువ కావాలి. కంప్యూటరు ఆ తేడాను తెలుసుకొని సర్దుకుంటుంది.

ఇంతవరకు చెప్పిన పాఠమంతా ఇంజను స్థితిగతులకు, ఇంధనానికి సంబంధించినది. నడిపేవారి స్వభావానికి ఇందులో చోటు స్వల్పం. ఆ స్వభావాన్ని ఎక్కువగా గమనించేది ఆటోమేటిక్ గేరుపెట్టె. యాక్సిలరేటరును ఎంత వేగంగా తొక్కుతున్నారు, ఎంత లోతుగా తొక్కుతున్నారు, బ్రేకు ఎంత తరచుగా వేస్తున్నారు అన్న విషయాలను అది లెక్కిస్తుంది. తొందరగా నడుపుతున్నట్లు తోస్తే పై గేరుకు ఆలస్యంగా మారుతుంది. అందువలన పికప్ బాగుంటుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. నిదానంగా నడుపుతున్నట్లు తోస్తే పై గేరుకు త్వరగా మారుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగి, మైలేజి పెరుగుతుంది. 1990 నాటికే పోర్షా సంస్థ టిప్‌ట్రానిక్ అనే గేరుపెట్టెలో ఇట్టి ఏర్పాటును తెచ్చింది.

అయితే కంప్యూటరుకు మనిషి తెలియదు, అతని పాదం మాత్రమే తెలుసు. కుమారుడు రాత్రి దూకుడుగా నడిపిన కారును తండ్రి ఉదయం తీసుకుంటే, గేరు కొద్దిసేపు ఆలస్యంగా మారినట్లు అనిపించవచ్చు. తండ్రి నిదానం కొద్ది దూరంలోనే తెలిసిపోతుంది, గేరు మారే తీరు అందుకు తగినట్లు మళ్లుతుంది. ఇంజను గరిష్ఠ శక్తి మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఏడాదిపాటు మెల్లగా నడిపిన కారైనా, అవసరమై పెడలును పూర్తిగా తొక్కితే తన శక్తినంతా ఇవ్వవలసిందే. అలా ఇవ్వకపోతే లోపం వేరే చోట ఉన్నది. నెమ్మదిగా నడిపినందున కారు మొద్దుబారిందని చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే, ఆ మాటను నమ్మవలసిన పనిలేదు.

శక్తి నిజంగానే తగ్గే సందర్భం ఒకటి ఉన్నది. నాసిరకం పెట్రోలు వలన సిలిండరులో అకాల దహనం జరిగి ఠక ఠక మనే శబ్దం పుడితే, నాక్ సెన్సరు దానిని వినగలదు. అప్పుడు కంప్యూటరు నిప్పురవ్వను కొంచెం ఆలస్యం చేస్తుంది. పికప్ తగ్గుతుంది, ఇంజను బ్రతుకుతుంది. మంచి పెట్రోలు పడగానే మెల్లమెల్లగా పూర్వస్థితికి చేరుకుంటుంది.

నేర్చుకోవటానికి ఒక హద్దు కూడా ఉన్నది. చాలా కార్లలో దిద్దుబాటు సుమారు 20, 25 శాతానికి చేరితే కంప్యూటరు సర్దుకోవటం మాని, యజమాని ఎదుట హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. అంతవరకు లోపం బయటికి కనబడదు. కంప్యూటరు దానిని తన నేర్పుతో కప్పి ఉంచుతుంది. కారు బాగానే నడుస్తున్నదని యజమాని అనుకుంటున్న కాలంలో లోపల గాలి గొట్టం పగులుతూనో, పెట్రోలు పంపు బలహీనపడుతూనో ఉండవచ్చు.

జాగ్రత్త పడవలసినది ఇక్కడే. బ్యాటరీ తీగను ఊడదీస్తే చాలా కార్లలో నేర్చుకున్నదంతా చెరిగిపోతుంది. స్కానరుతో చెరిపితే హెచ్చరిక దీపం కూడా ఆరిపోతుంది. కారు కొత్తదైనట్లు కొన్నాళ్లు భ్రమ కలుగుతుంది, కాని పగిలిన గొట్టం పగిలే ఉంటుంది. కొన్ని ప్రయాణాల తరువాత దీపం మళ్లీ వెలుగుతుంది. పాతకారు కొనేవారు దీపం వెలగటం లేదని తృప్తి పడరాదు. జ్ఞాపకాన్ని ఇటీవల చెరిపి ఉంటే, కంప్యూటరు తనకు తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానరు చూపిస్తుంది. కొనేముందు ఆ ఒక్క సంగతి తెలుసుకోవటానికి అయ్యే ఖర్చు స్వల్పం, తప్పే నష్టం అధికం.

షెడ్డు నడుపుతున్న పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. దీపాన్ని ఆర్పి పంపటం సులభం. దిద్దుబాటు ఎంత శాతమున్నదో, ఎందుకున్నదో యజమానికి చూపించి చెప్పటం కొంచెం కష్టం. కార్బురేటరు కాలపు మెకానిక్కుకు గౌరవం తెచ్చిపెట్టినది ఆ కష్టమే. పనిముట్లు మారాయి గాని, లోపాన్ని వెదికే బాధ్యత మారలేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. కంప్యూటరు, సెన్సరు అన్న పేర్లు వినగానే, ఇవి తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు అందవని కొందరు వెనుకంజ వేస్తారు. ఈ ప్రసంగంలో వచ్చిన లెక్కలు నిష్పత్తి, శాతము. వచ్చిన శాస్త్రం దహనము, గాలి సాంద్రత. ఇవన్నీ ఈ పాఠశాల తరగతి గదులలో తెలుగులోనే బోధించే పాఠాలు. వాటిని గట్టిగా నేర్చుకున్న బిడ్డ రేపు ఏ ఇంజను మూత తెరిచినా, లోపల జరుగుతున్నదేమిటో ఆలోచించగలదు.