లోతు బెజ్జానికి పొడుగు ఆగర్ బిట్ ఎలా ఎంచుకోవాలి?

ఈ రోజు చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. ఇదిగోండి, ఇది. (చేతిలో బిట్ చూపిస్తూ) ఆగర్ బిట్. మన పెద్దవాళ్ళు బర్మాతో వేసిన బెజ్జాన్ని ఇప్పుడు మనం డ్రిల్ మిషన్‌కి ఇది తగిలించి వేస్తున్నాం.

మొన్న అమలాపురం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "గుమ్మానికి బెజ్జం వేస్తే బాగానే వస్తోందండి. దూలానికి వేస్తే మాత్రం అవతల ఎక్కడ తేలుతుందో తెలియట్లేదు. మంచి కంపెనీ బిట్ ఒకటి చెప్పండి" అన్నారు. కంపెనీ పేర్లు చివర్లో చెప్తానండి. కానీ ఆయన ఇబ్బంది కంపెనీ వల్ల వచ్చింది కాదు. అదే ఇబ్బంది నేనూ పడ్డాను. ముందు ఆ సంగతి చెప్తాను.

రాజోలు దగ్గర ఒక పాత మండువా ఇల్లు. ఆ ఇంటి మామ్మగారికి ఉయ్యాల బల్ల మళ్ళీ వేలాడదీయాలని కోరిక. మనవలు సంక్రాంతికి వస్తున్నారు. ఉయ్యాల వేలాడే దూలం పాత టేకు, 10 అంగుళాల లోతు. ఒక చోట చెద తినేసి మెత్తబడింది. దూలం మార్చాలంటే పైకప్పంతా విప్పాలి. అందుకని అటకలోంచి దాని పైన 8 అంగుళాల కొత్త టేకు ముక్క ఎక్కించి, రెండిటినీ కలిపి బోల్టులు దింపుదామనుకున్నాం. అడుగున ఇనుప పలక, ఆ పలకకి ఉయ్యాల గొలుసుల కొక్కేలు. మొత్తం 18 అంగుళాల చెక్కలోంచి బెజ్జం నిట్టనిలువుగా దిగి, కింద పలకలో ముందే వేసి ఉంచిన కన్నానికి ఎదురుగా రావాలి.

నేనేం చేశానంటే, షాపుకెళ్ళి "పొడుగుది ఇవ్వండి" అని రెండడుగుల బిట్ తెచ్చేశాను. ఏడంగుళాల దాకా వెన్నలా దిగింది. తర్వాత బరువెక్కింది. నొక్కాను. పొగ వచ్చింది. ఇంకా నొక్కాను. ఒక్కసారి బిట్ పట్టేసి మిషన్ గిర్రున తిరిగింది, మణికట్టు మెలిపడింది. ఎలాగో కిందికి దింపాను. దిగి చూస్తే, రావాల్సిన చోటు నుంచి అంగుళం పక్కన వచ్చింది.

మామ్మగారు కింద నిలబడి చూస్తున్నారు. "ఏమిరా అబ్బాయ్, అలా పక్కకి వచ్చిందేం?" అన్నారు. ముడి అడ్డొచ్చిందండి అన్నాను. అదీ ఒక కారణమే. కానీ అసలు తప్పు షాపులోనే చేశాను.

ఒక చిన్న లెక్క చెప్తాను. బిట్ ఒక్క డిగ్రీ వాలితే 18 అంగుళాల అడుగున 8 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. మూడు డిగ్రీలు వాలితే 24 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళం. మూడు డిగ్రీలు మన కంటికి ఆనవు కూడా. రెండంగుళాల చెక్కలో అదే మూడు డిగ్రీలకి వచ్చే తేడా మూడు మిల్లీమీటర్లు లోపే. గుమ్మానికి కుదిరిన పని దూలానికి కుదరకపోవడానికి కారణం ఇదే. తప్పు అప్పుడూ ఉంది, లోతు లేదు కాబట్టి బయటపడలేదు.

ఇప్పుడు బిట్‌లో ఏం చూడాలో ఒక్కొక్కటీ చెప్తాను.

మొదటిది మర పొడుగు. బిట్ పొడుగు కాదండోయ్, మర పొడుగు. (టేబుల్ మీద రెండు బిట్లు పక్కపక్కన పెట్టి) ఈ రెండూ రెండడుగులవే. దీనికి మర చివరి దాకా ఉంది. దీనికి ఏడంగుళాలే ఉంది, మిగతాదంతా నున్నటి కాడ. ఆ మర ఉన్నది పొట్టు పైకి తేవడానికి. మర మొత్తం బెజ్జంలో మునిగిపోయిందనుకోండి, పొట్టుకి బయటికి దారి లేదు. లోపలే కుక్కుకుపోతుంది, వేడెక్కుతుంది, బిట్ పట్టేస్తుంది. నాకు ఏడంగుళాల దగ్గర బరువెక్కింది అందుకే. కాబట్టి మీ బెజ్జం లోతు కంటే మర కనీసం రెండంగుళాలు ఎక్కువ ఉండాలి. అలాంటిది దొరక్కపోతే, మర మునిగినప్పటి నుంచీ అంగుళానికోసారి బిట్ పైకి లాగి పొట్టు దులపాలి. బద్ధకించకూడదు.

రెండోది ముక్కు. ఆగర్ బిట్ చివర చిన్న స్క్రూ ఉంటుంది. అది చెక్కని పట్టుకుని బిట్‌ని లోపలికి లాక్కుంటుంది. మనకి శ్రమ తగ్గుతుంది. అయితే అది చెక్క మాట వింటుంది గానీ మన మాట వినదు. నార ఎటు వాలితే అటు వాలుతుంది, ముడి తగిలితే పక్కకి తప్పుకుంటుంది. ఆరంగుళాల లోపు పర్వాలేదు. అడుగు దాటితే అదే మనల్ని ముంచుతుంది.

ఈ చిక్కు ముందుగా తెలిసింది ఓడలు కట్టేవాళ్ళకి. మనకి పక్కనే కోరంగి ఉంది కదండీ. 1839 తుపాను దెబ్బ తినక ముందు అక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఓడ అడుగు దూలాల్లోంచి పొడుగు బోల్టులు దింపాలంటే అడుగుల లోతు బెజ్జాలు కావాలి. ఆ పని కోసం పుట్టిన రకాన్నే షిప్ ఆగర్ అంటారు. ఒకే మర, ఒకే కత్తి, మందమైన ఒళ్ళు. అందులో స్క్రూ ముక్కు అసలు లేని రకం కూడా ఉంది. అది తనంతట తాను లాక్కోదు, మనమే నొక్కాలి. కానీ నార వెంట పడి పోదు, మొదలుపెట్టిన దారిలోనే పోతుంది. దాన్ని నేరుగా చెక్క మీద పెడితే జారిపోతుంది కాబట్టి, ముందు అదే సైజు పొట్టి బిట్‌తో రెండు మూడంగుళాల బెజ్జం తిన్నగా వేసి, అందులో దీన్ని దింపాలి. పొట్టిది దారి చూపిస్తుంది, పొడుగుది ఆ దారిన పోతుంది.

స్క్రూ ముక్కు ఉన్నదే కొనేటట్టయితే దాని మర చూడండి. సన్న మర గట్టి చెక్కకి, అంటే చేవదేరిన టేకు, తుమ్మ లాంటి వాటికి. ముతక మర మెత్తటి చెక్కకి. గట్టి చెక్కలో ముతక మర, అదీ కరెంటు మిషన్‌తో వేస్తే, కత్తి కోయగలిగిన దానికంటే ఎక్కువ వేగంగా లాగేసి బిట్ ఇరుక్కుంటుంది. నా మణికట్టు మెలిపడింది అలాగే.

మూడోది ఒళ్ళు. అమెరికాలో రస్సెల్ జెన్నింగ్స్ 1855లో పేటెంట్ తీసుకున్న రకం ఒకటుంది. రెండు మరలు పెనవేసుకున్నట్టుంటాయి. బెజ్జం అంచు అద్దంలా వస్తుంది. బీరువాలకీ కుర్చీలకీ బాగుంటుంది. ఇంకో రకం ఇర్విన్ పేరుతో వాడుకలోకి వచ్చింది. మధ్యలో గట్టి కడ్డీ, దాని చుట్టూ ఒకే మర. త్వరగా వంగదు, పొట్టు బాగా తోడుతుంది. దూలాలకీ స్తంభాలకీ ఇదో, షిప్ ఆగరో తీసుకోండి. బల్లపరుపుగా ఉండే స్పేడ్ బిట్‌కి ఎక్స్‌టెన్షన్ రాడ్ తగిలించి లోతు బెజ్జం వెయ్యాలని మాత్రం చూడకండి. దానికి మర లేదు, పొట్టు రాదు, బెజ్జంలో తిన్నగా నిలబెట్టే ఒళ్ళూ లేదు.

నాలుగోది కాడ. గుండ్రటి కాడ అయితే బరువు పడగానే చక్‌లో జారుతుంది. ఆరు పలకల కాడ తీసుకోండి. పలకలుగా సన్నబడే చదరపు కాడ ఉన్నవి చేత్తో తిప్పే పాత బ్రేస్‌కి చేసినవి. చవగ్గా దొరికాయని తెచ్చి డ్రిల్ మిషన్‌లో బిగించకండి, నిలవవు. ఎస్‌డీఎస్ కాడ ఉన్నది రోటరీ హామర్‌లో వాడేటప్పుడు హామర్ ఆపేసి, తిరగడం ఒక్కటే పెట్టుకోవాలి.

ఇక మన కొబ్బరి చెక్క, తాటి చెక్క సంగతి. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో మీలో చాలామంది చూసే ఉంటారు. కొబ్బరి మాను టేకు లాంటిది కాదు. దానికి చేవ లోపల కాదు, బయట ఉంటుంది. పైన ఇనుములా గట్టి, నడిమికి పోయేకొద్దీ బెండు. తాడీ అంతే. అందుకని బిట్ పైన కష్టపడుతుంది, లోపల ఒక్కసారిగా దిగబడుతుంది, అవతల మళ్ళీ గట్టి తగులుతుంది. మెత్తటి చోట స్క్రూ ముక్కుకి పట్టు దొరకదు, దాని సందుల్లో పీచు ఇరుక్కుంటుంది. అప్పుడు బిట్ తిరుగుతుంది గానీ దిగదు. నొక్కినా లాభం లేదు, బయటికి తీసి ఆ పీచు గోరుతోనో బ్రష్‌తోనో తీసెయ్యాలి. ఇంకొకటి, ఈ రెండు చెక్కలూ కత్తిని తొందరగా మొద్దు చేస్తాయి. ఆకురాయి పక్కనే పెట్టుకోండి.

పదును పెట్టడంలో ఒకే సూత్రం. బిట్ అంచున నిలబడిన చిన్న కత్తుల్ని లోపలి వైపే రుద్దాలి. బయటి వైపు రుద్దితే బెజ్జం కొలత తగ్గిపోతుంది, బిట్ ఒళ్ళు అందులో ఇరుక్కుంటుంది. అడుగున కోసే కత్తిని కాడ వైపు నుంచి రుద్దాలి. రెండు కత్తులుంటే రెండిటికీ సమానంగా రుద్దాలి. లేకపోతే ఒకటే కోస్తుంది.

షాపులో చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. (బిట్‌ని అద్దం మీద దొర్లిస్తూ) కౌంటర్ అద్దం మీద ఇలా దొర్లించండి. తిన్నగా ఉంటే మెత్తగా దొర్లుతుంది. వంకర ఉంటే మధ్యలో ఎగిరెగిరి పడుతుంది. పొడుగు బిట్లు రవాణాలోనే వంగిపోవచ్చు, ఎంత పేరున్న కంపెనీదైనా సరే. తర్వాత ముక్కు చూడండి, స్క్రూ కొన విరిగి ఉండకూడదు. కొలత అడిగేటప్పుడు బోల్టు కూడా తీసుకెళ్ళండి. మన మేస్త్రీలు నూళ్ళలో చెప్తారు, నాలుగు నూళ్ళంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. బోల్టు 12 మిల్లీమీటర్లది, బిట్ కూడా సరిగ్గా 12 తెచ్చుకుంటే లోతు బెజ్జంలో బోల్టు దిగక సుత్తితో కొట్టాల్సి వస్తుంది. 13 తెచ్చుకోండి.

వేసేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. మిషన్ తక్కువ స్పీడ్‌లో పెట్టండి. పక్క హ్యాండిల్ లేకుండా మొదలుపెట్టొద్దు. మెడలో తువ్వాలు తీసెయ్యండి. పాత చెక్క అయితే అయస్కాంతం ఆనించి మేకులున్నాయేమో చూడండి, ఒక్క మేకు తగిలితే కొత్త బిట్ కత్తి పోయినట్టే. తిన్నగా పోతోందా లేదా అన్నది మీకు కనపడదు. పక్కన ఒక మనిషిని నిలబెట్టి, రెండు వైపుల నుంచీ మూలమట్టం పెట్టి చూడమనండి. ఇంకా మంచిది, డ్రిల్ స్టాండ్ మీద నిట్టనిలువుగా బెజ్జం వేసిన గట్టి చెక్క ముక్కని క్లాంపుతో బిగించి, దాంట్లోంచి బిట్‌ని దింపడం.

వీలుంటే రెండు వైపుల నుంచీ సగం సగం వెయ్యండి. తప్పు పోదు. కానీ రెండు మొహాల మీదా కన్నం గీసిన చోటే ఉంటుంది, తేడా ఏదైనా నడిమిలో కలిసే చోట ఉంటుంది. అక్కడ బిట్‌ని ఓసారి మొత్తం దింపి సరిచేసుకోవచ్చు. అలా కుదరకపోతే అవతల వైపు పనికిరాని చెక్క ముక్క ఒకటి గట్టిగా బిగించండి, అంచు పగలకుండా ఉంటుంది.

కంపెనీ పేర్లు అడిగారు కదా. బోష్, మకీటా, ఇర్విన్ వాళ్ళు ఆగర్ బిట్లు చేస్తారు. ఏది దొరికినా పైన చెప్పిన నాలుగూ చూసుకుని తీసుకోండి.

మామ్మగారి ఉయ్యాల సంగతి చెప్పి ముగిస్తాను. వంకర బెజ్జంలోనే బోల్టు దూర్చేసి, పలకకి ఇంకో కన్నం వేసి బిగించేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఒక రాత్రి ఆలోచించాను. వాలిన బోల్టు మీద బరువు ఒక పక్కకే పడుతుంది, ఊగినప్పుడల్లా ఆ పక్కనే చెక్కని నలుపుతుంది. ఊగేది పిల్లలు. మర్నాడు వెళ్ళి ఆ బెజ్జానికి టేకు కడ్డీ జిగురుతో దిగ్గొట్టి మూసేశాను. నాలుగంగుళాలు పక్కకి జరిగి, పొట్టి బిట్‌తో దారి వేసి, నిండా మర ఉన్న ముక్కు లేని బిట్‌తో దింపాను. గంటన్నర పట్టింది. కిందికి దిగి చూస్తే గీత మీదే ఉంది. పలక కొత్తది నా డబ్బుతోనే చేయించాను.

మామ్మగారు "ముడి ఏమైందిరా?" అని అడిగారు. "ముడి అక్కడే ఉందండి మామ్మగారూ, బిట్ మార్చాను" అన్నాను. నవ్వి, ముందు నన్నే కూర్చుని ఊగమన్నారు. ఊగానండి. గొలుసు కిర్రుమంది గానీ దూలం చప్పుడు చెయ్యలేదు.

2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయినప్పుడు మనందరి గుండె కాలింది. నెలల్లోనే కొత్త టేకు రథం తయారై 2021 ఫిబ్రవరిలో ఉత్సవానికి నిలబడింది. పెద్ద చెక్క పని మన దగ్గర అయిపోలేదండి. చేసే చేతులున్నాయి. ఆ చేతుల్లోకి సరైన బిట్ ఇవ్వడమే మిగిలింది.

వచ్చే ఎపిసోడ్‌లో పాత బర్మాకి మళ్ళీ పదును పెట్టి వాడటం చూద్దాం. ఇంట్లో తుప్పు పట్టింది ఉంటే పారెయ్యకండి, తీసి నూనె రాసి ఉంచండి. ఉంటానండి, నమస్కారం.