ట్రక్కుకు బరువెత్తటం, దించటం



ఎడ్లబండి తోలిన వారికి ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. బండిలో వెనుక బరువు ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి; పట్టెడలు ఎద్దుల గొంతు నొక్కుతాయి. ముందు బరువు ఎక్కువైతే కాడి మెడల మీద కూర్చుంటుంది; ఎడ్లు అడుగు వేయలేవు. అందుచేత ఇరుసుకు ముందు కొంచెం మొగ్గు ఉండేటట్లు బస్తాలు సర్దటం మనవాళ్లకు అలవాటు. సర్దుబాటు తప్పితే ఎద్దు నడక చూసి బండివాడు తెలుసుకునేవాడు. ట్రాక్టరు అట్లా చెప్పదు. మనమే ముందుగా చూసుకోవలెను.

ఈనాడు చెప్పబోయేది ట్రాక్టరు వెనుక తగిలించే రెండు చక్రాల ట్రక్కును గురించి. కొన్ని చోట్ల దీనినే ట్రాలీ అంటారు. 75 కిలోల ధాన్యం బస్తాలు 40 ఎత్తితే 3,000 కిలోలు అయినది. ఇంత బరువును ట్రాక్టరుతో కలిపి ఉంచేది ఒక్క పిన్ను.

మొదట తగిలించటం చూద్దాం. ట్రాక్టరును వెనక్కి తెచ్చేటప్పుడు దానికీ ట్రక్కుకూ మధ్య ఎవరినీ నిలబడనీయకండి. “కొంచెం రా, ఇంకొంచెం రా” అంటూ పిల్లవాడు పిన్ను పట్టుకుని మధ్యలో నిలబడటం చాలా ఊళ్లలో చూస్తాము. క్లచ్చి మీద కాలు జారితే వాడు తప్పుకునే వ్యవధి ఉండదు. ట్రాక్టరు పూర్తిగా ఆగి, బ్రేకు బిగించిన తరువాతనే మనిషి లోపలికి వెళ్లి పిన్ను వేయవలెను. పిన్ను కింద క్లిప్పు తప్పక పెట్టండి. లేకపోతే గతుకులో పిన్ను ఎగిరి బయటికి వస్తుంది. ట్రక్కును ఎప్పుడూ కింది కొక్కేనికే తగిలించండి. పైన తగిలిస్తే, గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉన్నది.

ఇక ఎత్తటం. చదునైన గట్టి నేల మీద ట్రక్కు నిలపండి. ట్రాక్టరు తగిలించే ఉంచి, ట్రక్కు చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు పెట్టండి. మొదటి వరుస బస్తాలు ముందు నుండి వెనుకకు, అంతటా పరవండి. ఆ పైన ఇరుసుకు ముందు కాస్త ఎక్కువ, వెనుక కాస్త తక్కువ ఉండేటట్లు సర్దండి. కుడి ఎడమలు సమంగా ఉండవలెను. వెనుక బరువు ఎక్కువైతే ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు పోతుంది. వాలులో బ్రేకు నిలవదు. ముందు మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. బరువు ఎంతవరకు ఎత్తవచ్చునో తయారుచేసినవారు చెప్పిన లెక్క దాటవద్దు. మోకుతో బిగించి కట్టండి. బరువు మీద మనుషులను ఎక్కించుకోకండి. గడ్డి ఎత్తినప్పుడు దారిలోని కరెంటు తీగలు ముందే చూసుకోండి.

చాలామంది ఎత్తేటప్పుడు జాగ్రత్తగానే ఉంటారు. దించేటప్పుడే ఏమరుపాటు. పొద్దు వాలుతుంది, ముఠావాళ్లు తొందరపడతారు. “ట్రాక్టరుతో వేరే పని ఉన్నది, ట్రక్కు ఇక్కడ వదిలిపోతాను” అని డ్రైవరు పిన్ను లాగేస్తాడనుకోండి. ముందు ఉన్న బస్తాలు అప్పటికే దిగిపోయి, వెనుకవి మిగిలితే ఏమవుతుంది? ట్రక్కు వెనక్కి తూగి, ముందు ఇనుప దూలం ఒక్కసారి పైకి లేస్తుంది. దాని మీద వంగిన మనిషి దవడ పగులుతుంది, ప్రాణమే పోవచ్చును. కనుక బరువు మొత్తం దిగేవరకు పిన్ను తీయకండి. తీసేముందు చక్రాలకు దిమ్మలు, ముందు దూలం కింద గట్టి ఆనింపు ఉన్నవో లేవో చూడండి.

రెండు మూడు ఇళ్ల దగ్గర కొన్ని కొన్ని బస్తాలు దించవలసి వస్తే, ప్రతిచోటా మిగిలినవాటిని మళ్లీ సర్ది బయలుదేరండి. పొద్దున సరిగా ఉన్న తూకం సగం దిగిన తరువాత ఉండదు.

జాకీతో తొట్టి లేపి మట్టి, పెంట దించేవారికి మరి రెండు మాటలు. నేల పక్కకు వాలి ఉంటే తొట్టి లేపకండి. పల్లపు వైపు పడిపోతుంది. తడి పెంట ముందు భాగాన అంటుకుని జారకపోతే, ట్రాక్టరును ముందుకు వెనక్కి కుదిపి రాల్చాలని చూడవద్దు. తొట్టి దించి పారతో లాగండి. లేచిన తొట్టి కిందికి ఇనుప ఊత పెట్టకుండా ఎవరూ దూరకూడదు. నూనె గొట్టం పగిలితే తొట్టి దభాలున దిగుతుంది. తొట్టి కరెంటు తీగకు తగిలినట్లయితే డ్రైవరు కిందికి దిగకుండా సీటులోనే ఉండవలెను. మిగిలినవారు దూరంగా ఉండి, కరెంటు ఆపించిన తరువాతనే దగ్గరికి రావలెను.

విస్తరణ కార్యకర్తలు ఈ మాటలను ట్రాక్టరు యజమానికి చెప్పి ఊరుకోక, డ్రైవరునూ ముఠావాళ్లనూ కూర్చోబెట్టి, ట్రక్కు దగ్గరే చేసి చూపిస్తే మేలు. దెబ్బ తగిలేది వారికే గదా!

రేపు కళ్లానికి ట్రక్కు తోలేముందు నాలుగు చెక్క దిమ్మలు, ఒక పిన్ను క్లిప్పు, ఒక మంచి మోకు వెతికి అందులో వేసుకోండి. వాటి ఖరీదు ఒక ధాన్యం బస్తా ఖరీదుకు మించదు.