పడుకునే ముందు పావుగంట

మధురానగర్ హాస్టళ్లలో, అపార్ట్‌మెంట్లలో రాత్రయ్యేసరికి అందరూ అలసిపోయి ఉంటారు. అయినా పడుకునే ముందు ఒక పావుగంట దేవుని ఎదుట కూర్చోండి.

ఆ పావుగంటకు ఒక దారి ఉంది: 16వ శతాబ్దంలో జెస్విట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లయోలా నేర్పిన ఆత్మపరిశీలన. దానికి ఐదు మెట్లు. ముందు దేవునికి కృతజ్ఞత చెప్పాలి. మన తప్పులు మనకు తెలిసే కృపను అడగాలి. పొద్దుటి నుంచి మన తలపులు, మాటలు, పనులు వరసగా గుర్తు చేసుకోవాలి. క్షమాపణ వేడుకోవాలి. దిద్దుకుంటానని తీర్మానించుకోవాలి. విజయవాడలో 1953లో ఆంధ్ర లయోలా కళాశాలను స్థాపించిన జెస్విట్ గురువులది ఈ సంప్రదాయమే.

1912లో దోర్నకల్ తొలి బిషప్ అయిన అజరయ్య గారు మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగింటితో పోరాడమని పల్లె విశ్వాసులకు బోధించారు. భక్తి అంటే బతుకు మారడమని ఆయన నమ్మకం.

కాబట్టి మన ప్రశ్నలూ సూటిగా ఉండాలి. ఈ రోజు ఎవరి మనసు నొప్పించాను? పనిమనిషికి జీతం వేళకు ఇచ్చానా? తీర్చగలిగిన బాకీని వాయిదా వేశానా? తప్పు కనబడితే కుంగిపోకండి, దేవుడు క్షమిస్తాడు. తెల్లవారగానే ఆ మనిషి దగ్గరికి వెళ్లి మన్నించమని అడగండి. ఆదివారం చేసిన ఆరాధన సోమవారం నడతలో కనబడాలి.