ఒంటికాలి వంటవాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఓడదొంగల కథలలో ‘ట్రెజర్ ఐలండ్’ మేటి. స్కాట్లండు దేశీయుడగు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ రచించిన ఈ కథ 1881-82లో ఒక బాలుర పత్రికయందు ధారావాహికముగా వెలువడి, 1883లో గ్రంథరూపము దాల్చెను. నండూరి రామమోహనరావుగారు దీనిని ‘కాంచన ద్వీపం’ అను పేర తెనిగించిరి.

ఇందు పాఠకుని మనస్సు దోచువాడు దుష్టుడే. ఇట్టి పుస్తకము పిల్లలచేతి కీయవచ్చునా యని పెద్దలు శంకింతురు. శంక సహేతుకమే. సమాధానము గ్రంథమునందే కలదు.

ఆ దుష్టుడు లాంగ్ జాన్ సిల్వర్. ఎడమకాలు తుంటివఱకు లేదు. చంకలో కఱ్ఱ, భుజమున చిలుక. కాలు పోయినను ధైర్యము వీడని హెన్లీ యను కవిమిత్రుని చూచి రచయిత వీనిని కల్పించెను. ఒంటికాలి నావికుని కనిపెట్టియుండుమని జిమ్ అను బాలునికి ముందే హెచ్చరిక కలదు. అయినను బ్రిస్టల్ రేవున సిల్వరును చూడగనే వాని అనుమానము తొలగెను. దొంగ యనగా మురికిబట్టలతో, క్రూరమైన మొగముతో నుండునని బాలుడు తలంచెను. ఈతడో శుభ్రముగా నున్నాడు, నవ్వుచు పలుకుచున్నాడు.

పిదప ఓడలో, ఆపిలుపండ్ల పీపాలో నక్కియున్న జిమ్, సిల్వర్ మఱియొక యువకునితో మాటలాడుట వినెను. తన్ను మెచ్చుకొన్న మాటలే! అక్షరము మాఱలేదు. బాలుని కన్నులు తెఱువబడిన ఘట్ట మిదియే.

తక్కిన దొంగలు దోచినది త్రాగి తగులబెట్టిరి. సిల్వర్ రెండువేల తొమ్మిదివందల పౌనులు కూడబెట్టెను. మితవ్యయము, ధైర్యము, వాక్చాతుర్యము అన్నియు సుగుణములే; వాని చేతిలో ఆయుధములైనవి. కథలోని మఱియొక దొంగ వ్రాసిన లెక్కపుస్తకమున వచ్చిన సొమ్మునకు అంకెలున్నవి. మునిగిన ఓడలకు గుఱుతులు మాత్రమే. పోయిన ప్రాణములకు పద్దే లేదు.

సుందరకాండయందు హనుమంతుడు రావణుని తేజమునకు అచ్చెరువందెను. అధర్మము లేకున్న నీతడు దేవలోకమునకును రక్షకుడు కాదగునని తలంచెను. అట్లని సీతాపహరణమును మఱవలేదు. గుణము గుణమే, దోషము దోషమే. ఒకదానికి చెల్లుగా రెండవదానిని వ్రాయరాదు. సిల్వర్ తుదకు జిమ్ ప్రాణము కాపాడినది నిజము. తనను నమ్మిన టామ్ అను నావికుని చంపినదియు నిజము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి ఎందఱో సముద్రము దాటి గల్ఫు దేశములకు పోయిరి. కష్టించి ఇల్లు నిలిపినవారు కలరు. కంపెనీ వీసా యని నమ్మబలికి విజిట్ వీసా చేతబెట్టిన దళారులవలన అప్పులపాలైనవారును కలరు. ఆ దళారులకు కోఱలు లేవు. వారు వచ్చి అరుగుపై కూర్చుండి, తమ్మీ యని పిలిచి, తియ్యగా మాటలాడిరి.

కావున ఈ పుస్తకము పిల్లల కీయవలెను, పెద్దలును చదువవలెను. ఎవడైన మెచ్చుకొని ఆశపెట్టినపుడు, ఈ మాటలే పొరుగింటి పిల్లవానితోను అన్నాడేమో యని విచారింపవలెను. కాగితము చదివించుకొనక రూపాయి యీయరాదు. చదివిపెట్టుట కీ గ్రంథాలయమున ఒకరైనను ఉందురు గాక!